పోషక ద్రావణంలో హైడ్రోజన్ పెరాక్సైడ్: ఉపయోగం, హద్దులు

నల్గొండ, మహబూబ్‌నగర్ మెట్ట ప్రాంతాల్లో ఏప్రిల్, మే నెలల పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటడం సర్వసాధారణం. ఈ ఎండల్లో షేడ్‌నెట్ కింద హైడ్రోపోనిక్స్ పద్ధతిలో ఆకుకూరలు పండించే రైతుకు పెద్ద ముప్పు వేరు వద్ద పొంచి ఉంటుంది. తెల్లని వేర్లు గోధుమ రంగుకు మారి జిగురుగా తయారవుతాయి. తొట్టి నిండుగా ఉన్నా మొక్కలు మధ్యాహ్నానికి వాడిపోతాయి. ఒకే ద్రావణం అన్ని మొక్కలకూ తిరుగుతుంది కనుక ఒక మొక్కకు సోకిన కుళ్ళు కొద్ది రోజుల్లోనే పంటంతటికీ పాకవచ్చు. ఈ దశలో సాగుదారులు ఆశ్రయించే రసాయనాల్లో హైడ్రోజన్ పెరాక్సైడ్ ఒకటి.

మూలం వేడిలోనే

నీరు వేడెక్కే కొద్దీ అందులో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది. లీటరు మంచినీటిలో 20 డిగ్రీల వద్ద సుమారు 9.1 మి.గ్రా., 30 డిగ్రీల వద్ద 7.6 మి.గ్రా., 35 డిగ్రీల వద్ద దాదాపు 7 మి.గ్రా. మాత్రమే కరుగుతుంది. అదే సమయంలో వేర్ల శ్వాసక్రియ పెరిగి ఆక్సిజన్ అవసరం ఎక్కువవుతుంది. వేరుకుళ్ళు కలిగించే పిథియం అఫానిడెర్మేటంకు కూడా ఈ వేడే అనుకూలం.

పనిచేసే తీరు

హైడ్రోజన్ పెరాక్సైడ్ విడిపోయి నీరుగా, ఆక్సిజన్‌గా మారుతుంది. 34 గ్రాముల పెరాక్సైడ్ నుండి 16 గ్రాముల ఆక్సిజన్ వెలువడుతుంది. అయితే నీరు పట్టి ఉంచగలిగిన దానికి మించిన ఆక్సిజన్ బుడగలుగా గాలిలో కలిసిపోతుంది. కాబట్టి ఇది నిరంతరం నడిచే గాలి పంపుకు ప్రత్యామ్నాయం కాదు. ద్రావణంలో తిరిగే సిద్ధబీజాలను, గొట్టాల్లోని జిగురు పొరను ఇది అణచగలదు గాని, వేరు కణజాలంలోకి చొచ్చుకుపోయిన తెగులును నయం చేయలేదు.

మోతాదు లెక్క

పొరపాటు ఎక్కువగా గాఢత వద్ద జరుగుతుంది. మందుల దుకాణంలో దొరికే 3 శాతం ద్రావణం 1 మి.లీ.లో సుమారు 30 మి.గ్రా. పెరాక్సైడ్ ఉంటే, పారిశ్రామిక 50 శాతం ద్రావణం 1 మి.లీ.లో సుమారు 600 మి.గ్రా. ఉంటుంది. ఉదాహరణకు 1000 లీటర్ల తొట్టిలో లీటరుకు 30 మి.గ్రా. చొప్పున కావాలంటే 3 శాతం ద్రావణం 1 లీటరు, లేదా 50 శాతం ద్రావణం 50 మి.లీ. సరిపోతుంది. రెండింటి తేడా తెలియక 50 శాతం ద్రావణాన్నే లీటరు పోస్తే మోతాదు ఇరవై రెట్లయి లేత వేర్లు మాడిపోతాయి. ఏ మోతాదునైనా ముందుగా కొద్ది మొక్కలపై పరీక్షించాలి. గాఢ ద్రావణం చర్మాన్ని, కళ్ళను కాల్చివేస్తుంది కనుక చేతి తొడుగులు, కళ్ళద్దాలు తప్పనిసరి.

స్థానిక నీటితో జాగ్రత్తలు

పటిక, సున్నంతో ఫ్లోరైడ్‌ను తొలగించే విధానం ప్రపంచానికి నల్గొండ పేరుతోనే పరిచయమైంది. పెరాక్సైడ్ మాత్రం ఫ్లోరైడ్‌ను గాని, లవణాలను గాని, బైకార్బొనేట్లను గాని తొలగించదు. పైగా క్షార నీటిలో అది త్వరగా విచ్ఛిన్నమవుతుంది. కాబట్టి బోరు నీటిని ముందుగా పరీక్ష చేయించి, ఉదజని సూచికను సరిచేసిన తరువాతే వాడాలి. ఆమ్లాన్ని, పెరాక్సైడ్‌ను గాఢ స్థితిలో ఎన్నడూ కలపరాదు. చిలేటెడ్ ఇనుముతో ఇది చర్య జరుపుతుంది కనుక లేత ఆకులు ఈనెల మధ్య పసుపు రంగుకు మారుతున్నాయేమో గమనించాలి. ట్రైకోడెర్మా, బాసిల్లస్ వంటి మేలు చేసే జీవులను వాడే తొట్టిలో పెరాక్సైడ్ పోస్తే ఆ పెట్టుబడి వృథా అవుతుంది. బ్లీచింగ్ ద్రావణంతో కలిపితే రెండూ ఒకదానినొకటి నిర్వీర్యం చేసుకుంటాయి.

తొలి ప్రాధాన్యం

తొట్టిని నేలలో పాతడం, నీడ కల్పించడం, వెలుతురు చొరకుండా మూత వేయడం, గాలి పంపుకు బ్యాటరీ ఆధారం ఏర్పరచడం ముందుగా చేయవలసిన పనులు. పంటకు పంటకు మధ్య ఖాళీ చేసిన గొట్టాలను, తొట్లను శుద్ధి చేయడంలో పెరాక్సైడ్ ఎక్కువ భద్రంగా ఉపయోగపడుతుంది. పంట ఉండగా దీనిని సూచించే విస్తరణ శాస్త్రవేత్త ముందుగా ద్రావణ ఉష్ణోగ్రతను, కరిగిన ఆక్సిజన్‌ను, సీసాపై ఉన్న గాఢతను స్వయంగా చూడాలి. ఈ మూడు అంకెలు తెలియకుండా ఇచ్చే సలహాకు మూల్యం చెల్లించేది రైతే.