ఇండక్షన్ పొయ్యి ఇచ్చే ముందు కరెంటు బిల్లు చూద్దాం

పేద కుటుంబాలకు గ్యాస్ బదులు ఇండక్షన్ పొయ్యిలు కొనిద్దామని దాతలు కొందరు అడుగుతున్నారు. ఆలోచన మంచిదే. మంట ఉండదు, సహరీ వేళ సిలిండర్ అయిపోయి పక్కింటి తలుపు తట్టే పనీ ఉండదు. అయితే ముందుగా ఆ ఇంటి కరెంటు బిల్లు చూడాలని మేము కోరుతున్నాం.

14.2 కిలోల సిలిండర్‌తో అయ్యే వంటకు ఇండక్షన్ మీద సుమారు 120 నుంచి 130 యూనిట్లు పడతాయి. సిలిండర్ నెలన్నర వచ్చే ఇంట్లో నెలకు 80, 85 యూనిట్లు పెరుగుతాయన్నమాట. తెలంగాణలో గృహజ్యోతి కింద తెల్ల రేషన్ కార్డున్న ఇళ్లకు నెలకు 200 యూనిట్ల వరకు కరెంటు ఉచితం. ఆ గీత దాటితే ఆ నెల బిల్లు మొత్తం కట్టాలి. ఇప్పుడు 90 యూనిట్లు కాలే ఇంటికి ఇండక్షన్‌తో వంట ఖర్చే తప్పుతుంది. 150 కాలే ఇంటికి మాత్రం మనమిచ్చిన పొయ్యే బిల్లు తెచ్చిపెడుతుంది. అక్కడ ముందు పాత ఫ్యాన్లు మార్చాలి. పాతది 75 వాట్లు తీసుకుంటే బీఎల్‌డీసీ ఫ్యాన్‌కు 30 వాట్లు చాలు. రోజుకు 15 గంటలు తిరిగే ఒక్కో ఫ్యాన్ మీద నెలకు 20 యూనిట్లు మిగులుతాయి. రెండు మారిస్తే పొయ్యికి చోటు దొరుకుతుంది. బిల్లు అడిగేటప్పుడు మే నెలదే అడగండి, జనవరి బిల్లు అందరిదీ ముద్దుగానే ఉంటుంది!

గిన్నెల సంగతి చాలామంది మరచిపోతారు. మన ఇళ్లలోని అల్యూమినియం దేగిశాలు ఇండక్షన్ మీద వేడెక్కవు. అడుగుకు అయస్కాంతం అంటుకునే గిన్నెలు రెండు, ఒక కుక్కర్ కలిపి ఇవ్వకపోతే పొయ్యి అటకెక్కుతుంది. ఎర్తింగ్ ఉన్న 16 ఆంపియర్ల ప్లగ్గు కూడా కావాలి. రొట్టెలు ఇనుప పెనం మీద బాగానే కాలుతాయి. సిలిండర్ మాత్రం వాపసు ఇవ్వనక్కరలేదు. కరెంటు పోయిన రోజూ ఇంట్లో వండాల్సిందే కదా.

ఇంతా చేస్తే తీగలో వచ్చే కరెంటులో ఎక్కువ భాగం బొగ్గుదే. సొంత డాబా ఉండి 200 యూనిట్లు దాటే ఇళ్లకు సోలార్ ప్యానెళ్లు తగినవి. ఒక కిలోవాట్‌కు నీడ పడని 100 చదరపు అడుగులు కావాలి, ఎండ బాగుంటే రోజుకు 4 యూనిట్లు వస్తాయి. 2024లో మొదలైన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకం కింద 1 కిలోవాట్‌కు 30 వేలు, 2 కిలోవాట్లకు 60 వేలు, 3 కిలోవాట్లు, ఆపైన 78 వేల రూపాయల సబ్సిడీ ఉంది. చిక్కేమిటంటే, ఆ సొమ్ము ప్యానెళ్లు బిగించాకే ఖాతాలో పడుతుంది. అప్పటిదాకా పెట్టుబడికి బ్యాంకులు అప్పిస్తాయి, కానీ వడ్డీతో. వడ్డీకి దూరంగా ఉండే కుటుంబం అక్కడే ఆగిపోతుంది.

మన సొసైటీ చేయగల పని ఇక్కడుంది: ఖర్జె హసనా. సబ్సిడీ రాగానే ఆ మేరకు, మిగతాది బిల్లులో ఆదా అయ్యే డబ్బుతో నెలనెలా తిరిగి చెల్లిస్తే అదే సొమ్ము మరో డాబా మీదికి వెళ్తుంది.

జకాత్ సొమ్ముతో పొయ్యి, గిన్నెలు ఇవ్వవచ్చు. తీసుకున్నవారికి అవి పూర్తిగా సొంతం కావాలని హనఫీ ఉలమాల మాట. అద్దె ఇంటి కప్పు మీద బిగించే ప్యానెళ్లకు ఈ లెక్క కుదరదు. అప్పుల నిధిని సదఖా విరాళాలతో విడిగా నడపాలని, ప్రతి దరఖాస్తుకూ 12 నెలల కరెంటు బిల్లులు జతచేయించాలని మా సూచన.