ఏరు కట్టిన నేల మీద ఒక రోజు

నరసాపురం రేవులో పంటు ఎక్కితే అవతలి ఒడ్డు సఖినేటిపల్లి. మధ్యలో పారేది వశిష్ఠ గోదావరి. సఖినేటిపల్లి నుంచి దక్షిణంగా 10, 12 కిలోమీటర్లు వెళితే అంతర్వేది వస్తుంది. ఆ తరువాత ఇక నేల లేదు, బంగాళాఖాతమే. ఈ కొద్ది దూరాన్ని సైకిళ్ళ మీద ఒక్క రోజులో చూసి రావచ్చు. అంతర్వేది తీర్థానికి ఏటా ఎంతోమంది వెళ్ళి వస్తూనే ఉంటారు. మనం మాత్రం వేరే పని మీద వెళుతున్నాం. మన కాళ్ళ కింది నేల ఎక్కడి నుంచి వచ్చింది? ఎలా నిలబడింది? ఇకముందు కూడా నిలుస్తుందా? ఈ మూడు ప్రశ్నలకు జవాబులు వెతుకుదాం.

ఐదారుగురు కలిసి వెళితే చాలు. యాభైమంది ఒక్కసారి వెళితే కేకలే మిగులుతాయి, ఎవరూ ఏదీ సరిగా చూడలేరు. మీ సైన్సు మాస్టారినో, ఇంట్లో పెద్దవాళ్ళనో వెంట తీసుకెళ్ళండి. నాలుగు మూతలున్న గాజు సీసాలు, ఒక అయస్కాంతం, రెండు స్టీలు గరిటెలు, గుప్పెడు ఉప్పు, కొలతలు గీసిన ఒక పొడవాటి కర్ర, గడియారం, నోటుపుస్తకం, తాగే నీళ్ళు ఉంటే సరిపోతుంది. వరద రోజుల్లో పంటు నడపరు. కనుక డిసెంబరు, ఫిబ్రవరి నెలల మధ్య వెళ్ళడం మంచిది.

రేవులో పాతిన కర్ర

సఖినేటిపల్లి రేవులో దిగగానే మొదటి పని కర్ర పాతడం. ఒడ్డున నీరు లోతులేని చోట, పడవలకు అడ్డం రాకుండా పాతండి. నీటి మట్టం ఏ గీత దగ్గర ఉందో, టైము ఎంతయిందో రాసుకోండి. గంట తరువాత వచ్చి చూస్తే మట్టం మారి ఉంటుంది. వాన పడలేదు, వరద రాలేదు. మరి నీరెందుకు పెరిగింది, లేదా ఎందుకు తగ్గింది?

సముద్రంలో వచ్చే పోటు, పాటు ఇంత దూరం ఏటి వెంట పైకి ఎక్కివస్తాయి. చంద్రుని ఆకర్షణ వల్ల, కొంతవరకు సూర్యుని ఆకర్షణ వల్ల సముద్రం రోజుకు రెండుసార్లు పొంగి, రెండుసార్లు తగ్గుతుంది. ఒక పోటుకూ మరొక పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు పడుతుంది. అందుకే ఇవాళ ఉదయం 8 గంటలకు పోటు వస్తే, రేపు ఉదయం 8 గంటల 50 నిమిషాల ప్రాంతంలో వస్తుంది. పంటు నడిపే సరంగును అడిగి చూడండి. ఏ తిథికి పోటు ఎప్పుడు వస్తుందో ఆయనకు పంచాంగం చూడకుండానే తెలుసు!

ఎండాకాలంలో పై నుంచి వచ్చే నీరు తక్కువ. అప్పుడు పోటు సమయంలో ఏరు వెనక్కి పారుతున్నట్లు కనిపిస్తుంది. ఉప్పునీరు మంచినీటి కంటే బరువు. కనుక అది అడుగునుంచి పాకుతూ ఏట్లోకి వస్తుంది, మంచినీరు దాని మీద తేలుతుంది. ఈ సంగతి గుర్తుంచుకోండి. మళ్ళీ పనికివస్తుంది.

సీసాలో డెల్టా

పంటు మీద నుంచి రెండు సీసాల నిండా ఏటి నీరు పట్టుకోండి. వానాకాలం అయితే ఎర్రగా చిక్కగా ఉంటుంది. చలికాలంలో నీరు తేటగా కనిపిస్తే, ఒడ్డునుంచి చిటికెడు మెత్తని బురద తీసి రెండింటిలోనూ సమానంగా కలపండి. ఒక సీసాలో మాత్రం రెండు చెంచాల ఉప్పు వేయండి. రెండింటినీ బాగా కుదిపి నీడలో కదలకుండా పెట్టండి. ఉప్పు వేసిన సీసాలో బురద త్వరగా అడుగుకు చేరుతుంది. రెండవది చాలాసేపు మసకగానే ఉంటుంది.

కారణం ఏమిటంటారా? మెత్తని బంకమట్టి రేణువుల మీద రుణ విద్యుదావేశం ఉంటుంది. ఒకే రకం ఆవేశం ఉన్నవి ఒకదానినొకటి నెట్టుకుంటాయి. కనుక అవి కలవవు, నీటిలో తేలుతూ ఉండిపోతాయి. ఉప్పు కరిగినప్పుడు వచ్చే ధన అయానులు ఆ ఆవేశాన్ని అణచివేస్తాయి. రేణువులు కలిసి ముద్దలు కట్టి బరువెక్కి దిగిపోతాయి. ఏటి నీటిలో పటిక తిప్పినప్పుడు జరిగేదీ దాదాపు ఇదే.

గోదావరి సముద్రంలో కలిసే చోట సరిగ్గా ఇదే జరుగుతుంది. మహారాష్ట్రలో నాసిక్ దగ్గర త్ర్యంబకేశ్వరం కొండల్లో పుట్టిన ఈ నది 1,465 కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. దారి పొడవునా రాళ్ళను అరగదీసి, మట్టిని కడిగి తెస్తుంది. ధవళేశ్వరం దగ్గర గౌతమి, వశిష్ఠ అనే రెండు పెద్ద పాయలుగా చీలుతుంది. కిందకు వచ్చాక వశిష్ఠ నుంచి వైనతేయ విడిపోతుంది. ఇక్కడ నేల వాలు చాలా తక్కువ. కాబట్టి నీటి వేగం తగ్గుతుంది. ముందు ముతక ఇసుక, తరువాత సన్న ఇసుక, చివరికి సముద్రపు ఉప్పు తగిలాక బంకమట్టి మేట వేస్తాయి. అలా ఏటేటా పేరుకున్న మేటే కోనసీమ. నైలు నది ముఖద్వారంలోని ఇటువంటి నేల గ్రీకు అక్షరం డెల్టాలాగా మూడు కోణాలతో ఉండడం వల్ల ఆ పేరు వచ్చింది.

మెరక, పల్లం

ఇప్పుడు సైకిళ్ళెక్కి అంతర్వేది వైపు సాగండి. దారిలో నేల ఎత్తును గమనించండి. చూడగానే అంతా బల్లపరుపుగా ఉన్నట్లు ఉంటుంది. నిజానికి అలా లేదు. కొంత దూరం ఇసుక మెరక, ఆ తరువాత నల్ల బంకమట్టి పల్లం, మళ్ళీ మెరక. సాధారణంగా ఇళ్ళు, కొబ్బరితోటలు మెరక మీద ఉంటాయి. వరి చేలు పల్లంలో ఉంటాయి. సముద్రానికి దగ్గరయ్యే కొద్దీ పల్లపు భూముల్లో రొయ్యల చెరువులు కనిపిస్తాయి.

తీరానికి సమాంతరంగా సాగే ఈ ఇసుక మెరకల్లో చాలావరకు ఒకప్పటి సముద్రపు ఒడ్డులే! అలలు ఇసుకను ఒడ్డుకు నెట్టి తిన్నెగా పోశాయి. ఏరు కొత్త మట్టి తెచ్చి ముందుకు మేట వేయడంతో సముద్రం వెనక్కి తగ్గింది. మరో కొత్త తిన్నె ఏర్పడింది. చెట్టు మొదలును కోస్తే వయసు తెలిపే వలయాలు కనిపిస్తాయి కదా! ఈ తిన్నెలు డెల్టాకు అటువంటి వలయాలు. సుమారు 6,000 సంవత్సరాల కిందట సముద్రమట్టం ఇప్పటి స్థాయికి చేరువగా వచ్చి నిలకడ పొందింది. ఆనాటి నుంచే ఈ తిన్నెలు ఒకదాని ముందు ఒకటి ఏర్పడుతూ వచ్చాయని భూవిజ్ఞానులు తేల్చారు.

నూతిలో తీపి నీరు ఎందుకుంది?

సముద్రం కనుచూపు మేరలోనే ఉన్నా, మెరక మీది నూతిలో నీరు తియ్యగా ఉండడం మీరు చూసే ఉంటారు. వాన నీరు ఇసుకలోకి ఇంకి, లోపలున్న ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. రేవులో చెప్పుకున్న సంగతి ఇదే. ఒక లీటరు మంచినీరు 1,000 గ్రాములు తూగితే, ఒక లీటరు సముద్రపు నీరు సుమారు 1,025 గ్రాములు తూగుతుంది. ఈ కొద్ది తేడాతో ఒక చిత్రమైన లెక్క వస్తుంది. నేలలో మంచినీటి మట్టం సముద్రమట్టం కంటే ఒక అడుగు ఎత్తున ఉంటే, దాని కింద సుమారు 40 అడుగుల లోతు వరకు మంచినీరే ఉంటుంది. ఈ సూత్రాన్ని 19వ శతాబ్దం చివర డచ్చి ఇంజనీరు గీబెన్, ఆ తరువాత 1901లో జర్మనీకి చెందిన హెర్జ్‌బర్గ్ విడివిడిగా కనుగొన్నారు.

ఇప్పుడు లెక్కను తిరగేయండి. మోటార్లు పెట్టి విపరీతంగా తోడి నీటి మట్టాన్ని ఒక అడుగు దించితే ఏమవుతుంది? కింది నుంచి ఉప్పునీరు క్రమంగా 40 అడుగుల మేర పైకి వస్తుంది. పైన దిగింది ఒక అడుగు, కింద పోయింది నలభై అడుగులు! తీరగ్రామాల్లో నూతులు ఉప్పబడడానికి ఇదొక కారణం. రొయ్యల చెరువుల ఉప్పునీరు ఊరడం మరొక కారణం.

దారిలో రెండు మూడు చోట్ల నూతి నీరు, కాల్వ నీరు, చెరువు నీరు ఒక్కొక్క చెంచా గరిటెలో పోసి ఎండలో ఆరబెట్టండి. రుచి చూడవద్దు. ఆరిన తరువాత మిగిలిన తెల్లని పొడి ఎక్కడ ఎక్కువ, ఎక్కడ తక్కువ అన్నది రాసుకోండి.

ఇసుకలో నాసిక్ రాయి

అంతర్వేది దీపస్తంభం దాటి తీరానికి వెళ్ళండి. ఇసుకలో అక్కడక్కడ నల్లని చారలు కనిపిస్తాయి. అయస్కాంతానికి కాగితం చుట్టి ఆ చారల మీద తిప్పితే నల్లని రేణువులు అతుక్కుంటాయి. అవి మాగ్నటైట్ రేణువులు. గోదావరి ఎగువ భాగమంతా దక్కను నల్లరాతి నేల మీదుగా పారుతుంది. ఆ రాయి అరిగి పొడి అయి ఇంత దూరం వచ్చిందన్నమాట. ఎర్రని గాజుపొడిలా మెరిసే రేణువులు గార్నెట్. అవి పాపికొండల వంటి తూర్పు కనుమల రాళ్ళనుంచి వచ్చాయి. మీ అరచేతిలో పిడికెడు ఇసుక ఉంటే, సగం దక్షిణాపథం ఉన్నట్లే!

వశిష్ఠ సముద్రంలో కలిసే చోటును అన్నాచెల్లెళ్ళ గట్టు అంటారు. ఏటి నీటి రంగు, సముద్రపు రంగు వేరువేరుగా కనిపించే రోజులుంటాయి. దూరంనుంచే చూడండి. అక్కడ ప్రవాహాలు బలమైనవి, నీటిలో దిగడం ప్రాణాపాయం.

జమ తగ్గింది

ఇక మూడవ ప్రశ్న. తీరంలో వేళ్ళు బయటపడి ఒరిగిన సరుగుడు చెట్లు కనిపిస్తే ఆగి చూడండి. పల్లిపాలెంలో ఒక తాతగారిని కూర్చోబెట్టుకుని, “తాతా, మీ చిన్నతనంలో సముద్రం ఎంత దూరాన ఉండేది?” అని అడగండి. ఇటీవలి ఏళ్ళలో అలలు ముందుకు వచ్చి ఇక్కడ ఇళ్ళు కూలిపోయాయి. ముందుకు పెరగవలసిన డెల్టా ఎందుకు వెనక్కి తగ్గుతున్నది?

జమాఖర్చుల పుస్తకం ఊహించుకోండి. ఏరు తెచ్చే మట్టి జమ. అలలు కోసుకుపోయేది ఖర్చు. కొత్త బంకమట్టి తన బరువుకు తానే అణిగి కుంగుతుంది, అదీ ఖర్చే. సముద్రమట్టం పెరగడం మరొక ఖర్చు. వేల ఏళ్ళుగా జమ ఎక్కువ ఉంది కనుక నేల పెరిగింది. ఇప్పుడు ఆ జమ పడిపోయింది. 1970లలో గోదావరి ఏటా సగటున సుమారు 15 కోట్ల టన్నుల ఒండ్రు తెచ్చేది. 1990ల నాటికి అది 6 కోట్ల టన్నుల లోపుకు తగ్గింది. 1976కూ 2001కీ మధ్య గోదావరి డెల్టా తీరం మొత్తం మీద సుమారు 18 చదరపు కిలోమీటర్ల నేల నికరంగా సముద్రం పాలైందని ఆంధ్ర విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు లెక్కగట్టారు.

తగ్గిన మట్టి ఎక్కడికి పోయింది? జాయక్‌వాడి, శ్రీరాంసాగర్ వంటి జలాశయాలలోనూ, ఉపనదుల మీది ఆనకట్టల వెనుకా అడుగున పేరుకుంటున్నది. నిలిచిన నీటిలో మట్టి దిగిపోతుందని మీ సీసాయే చెప్పింది కదా! ఈజిప్టులో 1970లో ఆస్వాన్ పెద్ద ఆనకట్ట పూర్తయిన తరువాత నైలు డెల్టా తీరం కూడా వేగంగా కోసుకుపోయింది.

అలాగని ఆనకట్టలు వద్దనగలమా? 1847-52లో ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం ఆనకట్ట కట్టించకముందు ఈ ప్రాంతం కరవులతో, వరదలతో అల్లాడింది. కాల్వల నీరే దీన్ని అన్నపూర్ణగా మార్చింది. ఏటిగట్లు లేకపోతే 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరద వంటిది వచ్చినప్పుడు ఊళ్ళు మిగలవు. అయితే ఆ గట్లే వరద ఒండ్రును చేలలోకి రానివ్వవు. ఒక చేత్తో పొందినదానికి మరొక చేత్తో మూల్యం చెల్లిస్తున్నాం. ఎంత చెల్లిస్తున్నామో తెలుసుకోవడమే సైన్సు పని.

ఆ మూల్యం తీరంతో ఆగదు. పోటు నీరు మురుగు కాల్వల ద్వారా కూడా లోపలికి ఎగదన్నుతుంది. మలికిపురం మండలంలో శంకరగుప్తం డ్రెయిన్ వెంట అలా ఉప్పునీరు ఎక్కి కొబ్బరిచెట్లు తలలు వాల్చి ఎండిపోయాయి. తీరంలో మడ చెట్లు, సరుగుడు తోటలు కాపాడడం, ఇసుక దిబ్బలను తవ్వకపోవడం, నూతి నీటిని పొదుపుగా తోడడం, జలాశయాల నుంచి ఒండ్రును కొంతైనా కిందికి వదిలే మార్గాలు వెతకడం, ఇవన్నీ ఖర్చు తగ్గించి జమ పెంచే పనులే.

తిరిగి వెళ్ళేముందు

తీరంలో కదలని గుర్తు ఒకటి ఎంచుకోండి. గుడి గోడో, దీపస్తంభమో ఏదైనా సరే. అక్కడినుంచి పోటు గీత వరకు ఎన్ని అడుగులో టేపుతో కొలిచి, తేదీ, తిథి, గంట రాసుకోండి. వచ్చే ఏడాది అదే నెలలో, అదే తిథినాడు మీ తరువాతి తరగతివాళ్ళు కొలవాలి. ఆ పై ఏడాది ఇంకొకరు కొలవాలి. పదేళ్ళ అంకెలు ఒక్క నోటుపుస్తకంలో చేరితే, మీ బడి దగ్గర ఉన్నది ఎవరూ కాదనలేని సాక్ష్యం.

సఖినేటిపల్లి రేవుకు చేరాక పాతిన కర్రను మరొకసారి చూసి, మట్టం రాసుకుని, కర్రను పీకి వెంట తెచ్చుకోండి. సీసాలను మాత్రం పారబోయకండి. వాటిని తరగతి గదిలో కిటికీ దగ్గర పెట్టి, రేపు ఉదయం అడుగున ఎంత మందాన మట్టి దిగిందో స్కేలుతో కొలవండి.