తెగింపు కాదు... తర్ఫీదే ప్రాణం
యుద్ధవిమాన పైలట్ల మనస్తత్వం తీరిది

బడంగ్‌పేట్: సినిమాల్లో యుద్ధవిమాన పైలట్ నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, పై అధికారి మాటను పెడచెవిన పెట్టి, ప్రాణాలకు తెగించి ఎగురుతాడు. అసలైన వాయుసేనలో ఆ స్వభావం ఎక్కువ కాలం నిలవదు. అక్కడ కావలసింది భయం లేని మనిషి కాదు. భయాన్ని పక్కనపెట్టి, చేయవలసిన పనిని వరుస తప్పకుండా చేయగలిగే మనిషి.

బడంగ్‌పేట్ చుట్టుపక్కల వారికి రక్షణ రంగం కొత్త కాదు. సమీపంలోనే ఇమారత్ పరిశోధన కేంద్రం, కంచన్‌బాగ్‌లో డీఆర్‌డీఎల్, బీడీఎల్ ఉన్నాయి. హైదరాబాద్ ప్రయోగశాలల కృషితో రూపుదిద్దుకున్న ‘అస్త్ర’ క్షిపణిని సుఖోయ్-30 విమానాల నుంచి ప్రయోగిస్తారు. క్షిపణి సంగతి తెలిసినంతగా, దానిని ప్రయోగించే పైలట్ మనసు సంగతి బయటివారికి తెలియదు.

యుద్ధవిమానం వేగంగా మలుపు తిరిగినప్పుడు శరీరంపై భూమ్యాకర్షణకు తొమ్మిది రెట్ల వరకూ ఒత్తిడి పడుతుంది. 70 కిలోల మనిషి ఆ క్షణంలో 630 కిలోల బరువు తూగుతాడన్నమాట. తలలోని రక్తం కాళ్లవైపు జారుతుంది. చూపు మసకబారుతుంది, ఆపై స్పృహ తప్పవచ్చు. ప్రత్యేక దుస్తులు కొంత కాపాడినా, పైలట్ స్వయంగా కాళ్లు, పొట్ట కండరాలను బిగించి ఊపిరిని అదుపు చేసుకోవాలి. అదే సమయంలో ఎత్తు, వేగం, ఇంధనం, శత్రువు కదలిక అన్నీ గమనించాలి. అన్నింటినీ ఒకేసారి పట్టుకోబోతే ఏదీ చేతికి దక్కదు. మొదట విమానాన్ని అదుపులో ఉంచుకోవడం, తరువాత దారి చూసుకోవడం, ఆ తరువాతే రేడియోలో మాట్లాడడం అనే క్రమాన్ని తొలి రోజుల నుంచే ఒంటబట్టిస్తారు.

ప్రమాద సమయంలో చేయవలసిన పనులన్నీ కంఠస్థమై ఉండాలి. ఎంత ఎత్తుకు దిగితే విమానాన్ని వదిలి దూకాలన్నది నేలమీదనే నిర్ణయించుకుంటారు. గాలిలో ఆలోచిద్దామనుకుంటే సమయం మించిపోతుంది. విమానాన్ని ఎలాగైనా కాపాడాలన్న తాపత్రయమే ప్రాణం తీసిన సందర్భాలు వైమానిక చరిత్రలో అనేకం. శిక్షణలోనూ ముప్పు తప్పదు. 2023 డిసెంబరు 4న దుండిగల్ అకాడమీ నుంచి బయలుదేరిన శిక్షణ విమానం మెదక్ జిల్లా తూప్రాన్ సమీపంలో కూలి, శిక్షకుడు, శిక్షణార్థి ఇద్దరూ మరణించారు.

విమానం దిగిన తరువాత జరిగే సమీక్ష మరో పరీక్ష. అక్కడ హోదా పక్కకు పోతుంది. సీనియర్ అయినా సరే తాను చేసిన పొరపాటును అందరి ముందూ చెప్పుకోవాలి. ఒకరు దాచిన తప్పు రేపు మరొకరి ప్రాణం మీదకు వస్తుంది. మన కార్యాలయాల్లో ఇటువంటి అలవాటు ఎక్కడ కనబడుతుంది?

ఈ కోవకు చెందిన వారు హైదరాబాద్‌లోనూ ఉన్నారు. 1923లో ఇక్కడ జన్మించిన ఇద్రిస్ హసన్ లతీఫ్ రెండో ప్రపంచయుద్ధంలో బర్మా రంగంలో విమానాలు నడిపారు. 1947లో పాకిస్థాన్ వాయుసేనలోకి రమ్మని సహచరులు పిలిచినా భారత్‌లోనే ఉంటానని తేల్చిచెప్పారు. 1978లో వాయుసేనాధిపతి అయ్యారు. 2018లో ఈ నగరంలోనే కన్నుమూశారు. నిజాం కళాశాల విద్యార్థి రాకేశ్ శర్మ 1971 యుద్ధంలో మిగ్-21పై 21 సార్లు దాడులకు వెళ్లినప్పుడు ఆయన వయసు 22 ఏళ్లే. 1984లో అంతరిక్షానికి వెళ్లిన తొలి భారతీయుడిగా అందరికీ తెలిసిన ఆయన, అంతకు ముందు యుద్ధ పైలట్ అన్న సంగతి చాలామంది మరిచిపోయారు.

2016 జూన్ 18న అవనీ చతుర్వేది, భావనా కాంత్, మోహనాసింగ్ తొలి మహిళా యుద్ధ పైలట్లుగా నియమితులైంది కూడా దుండిగల్‌లోనే.

ఈ రంగంపై ఆసక్తి గల మన విద్యార్థులు ఇంటర్మీడియట్‌లో గణితం, భౌతికశాస్త్రం చదివి ఉండాలి. డిగ్రీ తరువాత ఏఎఫ్‌క్యాట్ ద్వారా వెళ్లేవారికి 20 నుంచి 24 ఏళ్ల వయసు, కనీసం 162.5 సెంటీమీటర్ల ఎత్తు అవసరం. కాళ్ల పొడవును సైతం కొలుస్తారు. చేయి, కన్ను, మెదడు ఎంత చురుకుగా కలిసి పనిచేస్తాయో చూసే పైలట్ ఎంపిక పరీక్ష మాత్రం జీవితంలో ఒక్కసారే. అందులో తప్పితే వాయుసేనలో వేరే విభాగానికి వెళ్లవచ్చు గానీ, పైలట్ పరీక్షకు మళ్లీ కూర్చోనివ్వరు.