షేర్వాణీ కుదిరేది ఎక్కడ?

వికారాబాద్, తాండూరు వైపు పెళ్లిళ్లలో పగటి ముహూర్తానికి పంచె, కండువా చాలు. చిక్కంతా సాయంత్రం రిసెప్షన్‌తోనే. ముస్లింల ఇళ్లలో అయితే వలీమాతో. పెళ్లికొడుకు, అన్నదమ్ములు, బావలు, మేనమామలు గంటల తరబడి వీడియో లైట్ల కింద నిలబడాలి. వచ్చినవాళ్లకు దండం పెట్టాలి, పెద్దల కాళ్లకు మొక్కాలి, దోస్తులను కావలించుకోవాలి, మళ్లీ కుర్చీలో కూర్చోవాలి. ఈ సాయంత్రం కోసం షేర్వాణీనో, బంద్‌గలానో, సూటో కుట్టించుకుంటారు. బట్ట దుకాణంలో రంగులు, జరీ చూడటానికి పూటంతా గడుపుతారు. టైలరు దగ్గర మాత్రం కొలతలిచ్చి పది నిమిషాల్లో బయటపడతారు. నా దృష్టిలో ఇది తలకిందుల లెక్క. భుజం, చంక, మెడ కుదిరాయా, సాదా నల్ల బట్ట అయినా మనిషి నిండుగా కనిపిస్తాడు. అవి కుదరకపోతే ఎంత జరీ ఉన్నా అరువు తెచ్చుకున్నట్టే ఉంటుంది.

షేర్వాణీ మన ప్రాంతానికి కొత్తగా వచ్చిన పెళ్లి ఫ్యాషన్ కాదు. వికారాబాద్‌కు ఆ పేరు పాయిగా నవాబు వికారుల్ ఉమ్రా వల్ల వచ్చింది. ఆరో నిజాం దగ్గర దివాన్‌గా చేసిన ఆయనే 1884లో మొదలుపెట్టి ఫలక్‌నుమా ప్యాలెస్ కట్టించాడు. అక్కడి భోజనాల బల్ల దగ్గర ఒకేసారి 101 మంది కూర్చోవచ్చు. ఆ కాలపు హైదరాబాద్ దర్బారులో షేర్వాణీ, తల మీద దస్తార్, నడుముకు బగ్లూస్ అనే బకిల్ బెల్టు మర్యాద దుస్తులు. మతంతో సంబంధం లేకుండా ఉద్యోగులూ, జాగీర్దార్లూ, కాయస్థులూ, రెడ్డి దొరలూ షేర్వాణీ తొడిగారు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ బట్టల కోసం కట్టించుకున్న పొడవాటి రెండంతస్తుల వార్డ్‌రోబ్ పురానీ హవేలీలో ఇప్పటికీ చూడొచ్చు. తాండూరు 1956 దాకా గుల్బర్గా జిల్లాలో ఉన్నా, ఆ జిల్లా కూడా ఒకప్పుడు నిజాం రాజ్యంలోదే. ఆ వేషానికి నేటికీ గౌరవం పోలేదు. కోర్టులో వకీళ్లు వేసుకోదగ్గ దుస్తుల జాబితాలో బార్ కౌన్సిల్ నియమాలు నల్ల షేర్వాణీని, అచ్కన్‌ను నేటికీ పేర్కొంటున్నాయి.

ఇక సూటు సంగతి చూస్తే, ఇంగ్లండ్‌లో సాయంత్రపు పొట్టి కోటు కథ 1865లో మొదలైంది. సావిల్ రో టైలరు హెన్రీ పూల్ వేల్స్ యువరాజుకు ఇంట్లో భోజనానికి తోక లేని కోటు కుట్టిచ్చాడు. తర్వాత అమెరికాలో అదే టక్సీడో అయింది. ఆ కోటుకు కాలరు మీద పట్టు, పాంటు పక్కన పట్టీ గుర్తులు. మన మూసిన మెడ కోటుకు అలాంటి అలంకారాల సాయం తక్కువ. గొంతు నుంచి మోకాళ్ల దాకా ఒకే నిలువు గీత, దాని మీద గుండీలు. గీత ఏమాత్రం వంకరపోయినా దూరం నుంచే తెలిసిపోతుంది.

అందుకే ముందు చంక సంగతి. రెడీమేడ్ షేర్వాణీలు రకరకాల ఒళ్లకు పట్టాలి కాబట్టి చంక రౌండు పెద్దగా, కిందికి దిగి ఉంటుంది. వదులుగా ఉంటే చెయ్యి బాగా లేస్తుందని చాలామంది అనుకుంటారు. జరిగేది దీనికి వ్యతిరేకం. చంక కింద కుట్టు ఎంత దిగితే చెయ్యి అంతగా కోటు పక్క భాగానికి కట్టుబడి ఉంటుంది. చెయ్యి ఎత్తగానే పక్క గుడ్డ పైకి గుంజుకుపోతుంది, భుజం లేచి చెవి దాకా వస్తుంది, మెడ వెనక కాలరు ఎడంగా నిలబడుతుంది. కుట్టు చంకకు దగ్గరగా ఉంటే చెయ్యి ఒక్కటే కదులుతుంది, కోటు తన చోట తాను ఉంటుంది. దండం పెట్టే చేతులు, అక్షింతలు వేసే చేతులు ఉన్న మన వేడుకలకు ఇది మరీ అవసరం. చేతులు ఊపి షేక్‌హ్యాండ్ ఇచ్చే సూటు నమూనాను అలాగే ఎత్తుకొచ్చి షేర్వాణీకి పెడితే మొదటి దండానికే బయటపడిపోతుంది.

చంక తర్వాత భుజం. టేపు అంకెలు చెబుతుంది, నిలబడే తీరు చెప్పదు. ఛాతీ 40, నడుము 36 ఉన్న ఇద్దరిలో ఒకరు రొమ్ము విరుచుకుని నిలబడతారు, ఇంకొకరు మెడ ముందుకు పెట్టి వంగి ఉంటారు. మొదటివారికి ముందు భాగం పొడవు ఎక్కువ కావాలి, రెండోవారికి వెనక భాగం. పొట్టి కోటులో ఈ తేడా కొంత దాగుతుంది. మోకాళ్ల దాకా దిగే షేర్వాణీలో దాగదు. ముందు పొడవు చాలకపోతే కింది అంచు ముందు పైకి లేస్తుంది, గుండీలు అయిపోయిన చోటు నుంచి రెండు పల్లాలు విడిపోయి పైజామా కనిపిస్తుంది. చాలామందికి ఒక భుజం కాస్త వాలి ఉంటుంది కూడా. మంచి మాస్టర్ కొలత తీసేటప్పుడు మాటల్లో పెట్టి, మనిషి మామూలుగా నిలబడే తీరు పక్క నుంచి, వెనక నుంచి చూస్తాడు. అద్దం ముందు ఊపిరి బిగబట్టి నిలబడితే ఆయన కళ్లు కప్పినట్టే, రేపు కోటు మన కళ్లు తెరిపిస్తుంది.

మెడ దగ్గర పని సున్నితం. నిలువు కాలరు గొంతు చుట్టూ తాకీ తాకనట్టు ఉండాలి. లోపల ఒక వేలు సులువుగా దూరాలి. ఎక్కువ వదులైతే ముందు కొక్కెం దగ్గర గుంట పడుతుంది. బిగుతుగా ఉంటే భోజనం వేళకే పెళ్లికొడుకు కొక్కెం తీసేస్తాడు. ట్రయల్‌లో కాలరు పెట్టుకుని తల కిందికి వంచి చూడాలి, మొక్కినట్టు పూర్తిగా వంగి చూడాలి. కుర్చీలో కూర్చొని చివరి గుండీ లాగుతోందా అనీ చూడాలి. గుండీలు నడుము దగ్గరే ఆగాలి. ఆ కింద తెరిచి ఉంటేనే కూర్చోవడానికీ నడవడానికీ వీలు.

కోటు ఛాతీ లోపల ఉండేది బయటికి కనిపించదు, కానీ కోటు నిలబడేది దాని మీదే. తక్కువ ధరలో అయితే వేడితో అంటించే ఫ్యూజింగు గుడ్డ వేస్తారు. పని త్వరగా అవుతుంది, మొదట్లో నున్నగానూ ఉంటుంది. డ్రైక్లీనింగ్‌లు, ఇస్త్రీలు జరిగే కొద్దీ జిగురు అక్కడక్కడ వదిలి, బట్ట మీద బుడగల్లా తేలొచ్చు. ఉన్ని, గుర్రపు వెంట్రుకలతో నేసిన కాన్వాసును వదులు కుట్లతో లోపల నిలిపితే అది మనిషి ఒంటి వేడికి మెల్లగా అతని ఆకారానికి వస్తుంది. చిన్న ఊళ్లో ప్రతి టైలరూ ఇది చేయకపోవచ్చు. ఒక్క ఛాతీ భాగానికైనా కాన్వాసు వేయించమని అడగడంలో తప్పులేదు.

రాత్రి వెలుగులో రంగు వేరు. కృత్రిమ దీపాల కింద నలుపు ఒక్కోసారి వెలిసినట్టు, పచ్చటి ఛాయతో కనిపిస్తుంది. బాగా ముదురు నీలం నల్లగా, లోతుగా నిలుస్తుంది. బ్రిటిష్ రాజకుటుంబపు విండ్సర్ డ్యూక్ తన సాయంత్రపు దుస్తుల్లో ముదురు నీలాన్ని వ్యాప్తిలోకి తెచ్చింది ఇందుకే. మెరిసే పాలియెస్టర్ మీద వీడియో లైటు పడితే భుజాల దగ్గర తెల్లటి మచ్చలు లేస్తాయి. మాట్‌గా ఉండే ఉన్ని, పట్టు నూలు కలిసిన నేత లాంటి బట్టలు వెలుగును మింగుతాయి. ఉన్ని బట్ట మీద రాసే 'సూపర్' అంకె ఉన్ని పోగు సన్నదనానికి గుర్తు, మన్నికకు కాదు. సూపర్ 100 అంటే ఉన్ని పోగు సగటు మందం గరిష్ఠంగా 18.75 మైక్రాన్లు, 120 అయితే 17.75. అంకె పెరిగే కొద్దీ మెత్తదనమూ, ముడతలూ ఎక్కువ. వైశాఖం ఎండల్లో, శ్రావణం ఉక్కలో పెళ్లి అయితే అస్తరు ముఖ్యం. చవక పాలియెస్టర్ అస్తరు చెమటను లోపలే ఆపుతుంది. విస్కోస్ అస్తరు, లేదా వీపు పై భాగానికి మాత్రమే వేసే సగం అస్తరు హాయి.

ఇవన్నీ జరగాలంటే టైలరుకు వ్యవధి ఇవ్వాలి. ముహూర్తం కుదరగానే వెళితే మొదటి ట్రయల్ కచ్చా కుట్టు మీద, చేతులు, కాలరు పూర్తిగా బిగించక ముందే చూసుకోవచ్చు. అప్పుడే సుద్ద గీతతో భుజం, చంక సరిచేయొచ్చు. అంతా కుట్టి, గుండీల కాజాలు కోసేశాక వస్తే మాస్టర్ చేతిలో పక్క కుట్లు తప్ప ఏమీ మిగలదు. ఊళ్లల్లో తరతరాలుగా మేరువాళ్లు, ముస్లిం దర్జీలు చేస్తున్న ఈ పనిని పెళ్లికి రెండు రోజుల ముందు అప్పగించి తొందరపెట్టడం పనివాడి నైపుణ్యాన్ని అవమానించడమే.

ఆఖరుగా, బట్ట కత్తిరించే ముందే మాస్టర్‌తో చెప్పాల్సిన మాట: వీపు మధ్య కుట్టులో, పక్క కుట్లలో అంగుళం దాకా మార్జిన్ లోపల వదలమనండి. చేతుల చివర, కింది అంచు దగ్గర మడత కాస్త ఎక్కువ ఉంచమనండి. ఐదారేళ్లలో నడుము కాస్త పెరిగినా, తమ్ముడి రిసెప్షన్‌కు అదే షేర్వాణీ విప్పి వదులు చేసుకుని వేసుకోవచ్చు.