చిన్న యాక్సిడెంట్.. ఫోన్‌కి చలాన్! వెంటనే కట్టేయాలా? ఆగాలా? ముందు సెక్షన్ నంబర్ చూడండి

హైదరాబాద్-విజయవాడ హైవే మీద చిట్యాల దాటారు. సర్వీస్ రోడ్డు నుంచి ఓ బైక్ అడ్డమొచ్చింది. మీరు బ్రేక్ వేశారు, అయినా బంపర్ తాకింది. బైకాయన మోచేయి గీసుకుపోయింది. "ఏం గాలేదు లే అన్నా" అనుకుని ఇద్దరూ ఎవరి దారిన వాళ్లు పోయారు. కొన్ని రోజులకు ఫోన్‌కి చలాన్ మెసేజ్ వచ్చింది. ఇది ఉదాహరణకు చెప్పిందే. కానీ నల్గొండ వైపు 65వ నంబర్ హైవే మీదైనా, జడ్చర్ల దగ్గర 44వ నంబర్ హైవే మీదైనా ఎవరికైనా ఎదురయ్యే పరిస్థితే.

ఇలాంటప్పుడు చాలామంది రెండే ఆలోచిస్తారు. కట్టేస్తే గొడవ వదులుతుంది అని కొందరు, డిస్కౌంట్ వచ్చేదాకా ఆగుదాం అని ఇంకొందరు. యాక్సిడెంట్ తర్వాత వచ్చిన చలాన్ విషయంలో ఈ రెండూ తప్పు లెక్కలే అయ్యే ప్రమాదం ఉంది. ఎందుకో చూద్దాం.

చలాన్ వేరు.. కేసు వేరు.. క్లెయిమ్ వేరు

ఒక్క యాక్సిడెంట్ నుంచి మూడు వేర్వేరు వ్యవహారాలు పుట్టొచ్చు. మొదటిది ట్రాఫిక్ చలాన్. ఇది మోటారు వాహనాల చట్టం కింద వస్తుంది. రెండోది పోలీస్ కేసు. ఎవరికైనా దెబ్బ తగిలితే భారతీయ న్యాయ సంహిత కింద ఎఫ్‌ఐఆర్ నమోదు కావొచ్చు. నిర్లక్ష్యంగా బండి నడిపితే 281, దాని వల్ల గాయమైతే 125 సెక్షన్ పెడతారు. మూడోది నష్టపరిహారం. ఇది ఇన్సూరెన్స్ కంపెనీ, మోటారు ప్రమాద క్లెయిమ్‌ల ట్రిబ్యునల్ చూసే వ్యవహారం.

చలాన్ కడితే మొదటిది మాత్రమే ముగుస్తుంది. చట్టంలోని 200 సెక్షన్ ప్రకారం రాజీ రుసుము కట్టాక ఆ చలాన్‌లో రాసిన ఉల్లంఘన మీద మళ్లీ కోర్టు విచారణ ఉండదు. మిగతా రెండూ అలాగే ఉంటాయి. "చలాన్ కట్టేశాను కదా, ఇంకేం కేసు?" అని తర్వాత ఠాణాలో అడిగినా లాభం లేదు.

సెక్షన్ చూసి నిర్ణయం తీసుకోండి

చలాన్ ఓపెన్ చేయగానే అందరి కళ్లూ ముందు అమౌంట్ మీదకే పోతాయి. దానికంటే ముందు అందులో రాసిన ఉల్లంఘన ఏంటో చదవండి. అది రెండు రకాల్లో ఏదో ఒకటి అయి ఉంటుంది.

ఒకటి, కాగితాలు, హెల్మెట్, సీటు బెల్టు లాంటివి. ఫొటోలో హెల్మెట్ లేకుండా కనిపిస్తున్నారు, అది నిజమే అయితే వాదించేదేం లేదు. కట్టేయడమే మంచిది. కోర్టు చుట్టూ తిరిగితే ఒక్కరోజు కూలి, బస్ ఛార్జీలే చలాన్ కంటే ఎక్కువవుతాయి.

రెండోది, బండి ఎలా నడిపారు అన్నదాని మీద వేసే చలాన్. అతివేగానికి 183, ప్రమాదకర డ్రైవింగ్‌కు 184 సెక్షన్ ఉంటుంది. ఇక్కడే ఆగాలి. 184 అంటే మామూలు ఫైన్ కాదు. చట్టంలో మొదటి తప్పుకే 6 నెలల నుంచి ఏడాది దాకా జైలు, లేదా రూ.1,000 నుంచి రూ.5,000 వరకు జరిమానా, లేదా రెండూ అని ఉంది. పైగా ఇలాంటి సెక్షన్లలో లైసెన్స్ తీసుకుని, సస్పెన్షన్ కోసం ఆర్టీఏకు పంపే అధికారం పోలీసులకు ఉంది. ఆటో, డీసీఎం, స్కూల్ బస్సు నడిపి ఇల్లు నడుపుకునే వాళ్లకు లైసెన్స్ మూడు నెలలు పోయినా బతుకుదెరువు పోయినట్టే.

ఇంకో కోణం కూడా ఉంది. ఆ యాక్సిడెంట్ మీదే రేపు ఎఫ్‌ఐఆర్ అయినా, అవతలివాళ్లు ట్రిబ్యునల్‌కి వెళ్లినా, "తప్పు ఒప్పుకుని ఫైన్ కట్టాడు" అని మీరు కట్టిన రసీదునే చూపించే అవకాశం ఉంది. తప్పెవరిదో ట్రిబ్యునల్ విడిగానే తేలుస్తుంది, ఒక్క రసీదుతోనే అంతా తేలిపోదు. కానీ మీది తప్పు కాదనుకుంటున్నప్పుడు, అలాంటి కాగితాన్ని మీ చేతులతో మీరే ఇవ్వడం ఎందుకు? కాబట్టి దెబ్బలు తగిలిన యాక్సిడెంట్‌లో 184 కనిపిస్తే, కట్టే ముందు ఓసారి వకీలుతో మాట్లాడండి.

ఇన్సూరెన్స్ ఉన్నా కాగితం చేతిలో లేదా?

ఇది చాలామందికి తెలియని పాయింట్. ఇన్సూరెన్స్ లేకుండా బండి నడిపితే 196 సెక్షన్ కింద మొదటిసారి రూ.2,000 జరిమానా, లేదా 3 నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు. కానీ పాలసీ ఉండి, ఆ టైమ్‌కి చూపించలేకపోతే కథ వేరు. సొంత అవసరానికి వాడే బండి అయితే, 7 రోజుల్లోగా చెప్పిన ఠాణాలో సర్టిఫికెట్ చూపిస్తే, చూపించలేదన్న కారణంతో శిక్ష వేయకూడదని చట్టంలోని 158 సెక్షన్ చెబుతోంది. ట్రాన్స్‌పోర్ట్ బండ్ల డ్రైవర్లకు ఈ వెసులుబాటు వర్తించదు. డిజిలాకర్, ఎం-పరివాహన్ యాప్‌లలో ఉన్న కాగితాలు కూడా చెల్లుతాయి.

రోడ్డు మీద సెటిల్‌మెంట్.. ఎక్కడిదాకా ఓకే?

రెండు బండ్లకు గీతలు పడి, మనుషులెవరికీ ఏమీ కాకపోతే మాట్లాడుకుని పోవడంలో తప్పులేదు. కానీ మనిషికి దెబ్బ తగిలితే మాత్రం రూల్ మారిపోతుంది. చట్టంలోని 134 సెక్షన్ ప్రకారం గాయపడినవాళ్లకు వైద్యం అందేలా చూడటం డ్రైవర్ బాధ్యత. దగ్గర్లో పోలీసులు లేకపోతే వీలైనంత త్వరగా, ఎట్టి పరిస్థితుల్లోనూ 24 గంటల్లోగా ఠాణాలో చెప్పాలి. ఇన్సూరెన్స్ కంపెనీకి కూడా రాతపూర్వకంగా తెలియజేయాలి. ఇవి చేయకపోతే 6 నెలల వరకు జైలు, లేదా రూ.5,000 వరకు జరిమానా, లేదా రెండూ ఉండొచ్చు.

రెండు వేలు చేతిలో పెట్టి, తెల్ల కాగితం మీద సంతకం తీసుకుంటే సరిపోతుందని చాలామంది నమ్మకం. ఆ కాగితం పోలీస్ కేసును ఆపలేదు. లోపలి దెబ్బలు చాలాసార్లు మర్నాడు గానీ బయటపడవు. అప్పుడు ఆ కుటుంబం ఠాణాకు వెళితే, మీరు ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోయినవాళ్లుగా కనిపిస్తారు.

పోలీసులకు చెప్పడం గాయపడిన మనిషికీ మేలు. 2025 మేలో కేంద్రం తెచ్చిన పథకం కింద రోడ్డు ప్రమాద బాధితులకు గుర్తింపు ఉన్న ఆస్పత్రుల్లో 7 రోజుల వరకు, రూ.1.5 లక్షల దాకా క్యాష్‌లెస్ వైద్యం అందుతుంది. అది ప్రమాదమేనని పోలీసులు ధ్రువీకరించాల్సి ఉంటుంది. విషయం దాచిపెడితే ఈ దారి మూసుకుపోతుంది.

డిస్కౌంట్ కోసం ఆగొచ్చా?

మన రాష్ట్రంలో పెండింగ్ చలాన్లకు భారీ రాయితీలు ఇచ్చిన మాట నిజమే. 2022 మార్చిలో టూవీలర్లకు 75 శాతం, కార్లకు 50 శాతం తగ్గించారు. 2023 డిసెంబర్ 26 నుంచి టూవీలర్లకు 80 శాతం, కార్లకు 60 శాతం తగ్గించి, గడువును 2024 ఫిబ్రవరి 15 దాకా పొడిగించారు. అందుకే "మళ్లీ వస్తది లే" అనే మాట ఊళ్లల్లో గట్టిగా వినిపిస్తుంది.

కానీ అవి ప్రభుత్వం అప్పటికప్పుడు తీసుకున్న నిర్ణయాలు, మన హక్కు కాదు. పైగా ఆ రాయితీ ఈ-చలాన్లకే తప్ప ఎఫ్‌ఐఆర్‌కు కాదు. కోర్టు నుంచి సమన్లు వచ్చాక డిస్కౌంట్ కోసం చూస్తున్నానంటే వినేవాళ్లు ఉండరు. నోటీసులో ఇచ్చిన గడువులోగా కట్టాలి, లేదంటే అభ్యంతరం చెప్పాలి. ఊరుకోవడం మాత్రం సరైన దారి కాదు.

తప్పు మీది కాదనుకుంటే..

చలాన్‌లోని ఫొటో, బండి నంబర్, టైమ్, ప్లేస్ అన్నీ సరిచూసుకోండి. నంబర్ తప్పుగా పడితే తెలంగాణ ఈ-చలాన్ వెబ్‌సైట్‌లోనే ఫిర్యాదు చేయొచ్చు. కోర్టుకు వెళ్లాలనుకుంటే యాక్సిడెంట్ జరిగిన రోజు ఫొటోలు, డాష్‌క్యామ్ వీడియో, చూసినవాళ్ల వివరాలు దాచిపెట్టుకోండి. దగ్గర్లోని హోటల్, పెట్రోల్ బంక్ సీసీ కెమెరా ఫుటేజీని ఎక్కువ రోజులు ఉంచరు, వెంటనే అడగాలి.

ఇంకో దారి లోక్ అదాలత్. నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లా న్యాయ సేవాధికార సంస్థల ద్వారా రాజీకి వీలున్న కేసులు అక్కడ పరిష్కరించుకోవచ్చు. అయితే లోక్ అదాలత్ తీర్పు మీద అప్పీల్ ఉండదు. అంతా అర్థం చేసుకున్నాకే సంతకం పెట్టండి. మహిళలు, ఎస్సీ, ఎస్టీలు, దివ్యాంగులు, తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు ఉచితంగా వకీలును ఇస్తారు. 15100 నంబర్‌కు ఫోన్ చేసి అడగొచ్చు.

బండి రిపేర్‌కు క్లెయిమ్ చేయాలా?

ఒక చిన్న లెక్క చూడండి. 1500 సీసీ లోపు కారు, రిపేర్ బిల్లు రూ.6,000 అనుకుందాం. తప్పనిసరిగా మీరే పెట్టుకోవాల్సిన రూ.1,000 పోతే రూ.5,000 వస్తుంది. మీకు 50 శాతం నో క్లెయిమ్ బోనస్ ఉండి, సొంత డ్యామేజీ ప్రీమియం రూ.8,000 అయితే, వచ్చే ఏడాది రూ.4,000 తగ్గింపు పోతుంది. ఆ బోనస్ మళ్లీ 20 శాతం నుంచి మొదలై 50కి చేరాలంటే ఏళ్లు పడుతుంది. అంటే చిన్న గీతలకు క్లెయిమ్ చేస్తే నష్టమే ఎక్కువ. అయితే అవతలి మనిషికి దెబ్బ తగిలితే, మీరు క్లెయిమ్ చేసినా చేయకపోయినా కంపెనీకి చెప్పి తీరాలి.

చలాన్ లింక్‌లతో జాగ్రత్త

వాట్సాప్‌లో ఈ-చలాన్ పేరుతో ఏపీకే ఫైల్ వస్తే ఓపెన్ చేయొద్దు. యాక్సిడెంట్ టెన్షన్‌లో ఉన్నప్పుడే ఇలాంటివి తొందరగా నొక్కేస్తాం. మీకు మీరే అధికారిక వెబ్‌సైట్‌లోకి వెళ్లి బండి నంబర్ కొట్టి చూసుకోండి. డబ్బులు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి.

మొత్తంగా చెప్పాలంటే.. హెల్మెట్, కాగితాల చలాన్ నిజమైతే కట్టేయండి. డ్రైవింగ్ మీద వేసిన చలాన్ అయితే ఆలోచించి, అడిగి, గడువులోగా తేల్చుకోండి. మనిషికి దెబ్బ తగిలితే మాత్రం చలాన్ సంగతి తర్వాత. ముందు 108కి, ఆ తర్వాత ఠాణాకు ఫోన్ చేయండి.