ఎగిరే ముందు పట్టీ చూసుకోవాలి

హైదరాబాద్ (మా విలేఖరి): హైటెక్ సిటీ, మాదాపూర్ కంపెనీల్లో పనిచేసే మన పల్లెల పిల్లలు కొందరు సెలవు దొరికితే హిమాచల్ ప్రదేశ్ కొండలకు వెళ్లి పారాగ్లైడర్‌పై ఎగిరి వస్తున్నారు. సరదా మంచిదే. అయితే 2024 ఫిబ్రవరిలో కులూ జిల్లా దోభీ వద్ద తెలంగాణ యువతి ఒకరు గాలిలో ఉండగా జారిపడి మరణించారు. బెల్టు సరిగా బిగించినదీ లేనిదీ పైలట్ చూడకపోవడమే కారణమని అక్కడి పర్యాటక శాఖ ప్రాథమికంగా తెలిపింది.

తూర్పారబట్టే రైతుకు గాలి సంగతి వేరే చెప్పనక్కరలేదు. ఎగరడానికీ నిలకడైన గాలే కావాలి, అదీ ఎదురుగాలి. వెనుక నుంచి వీచినా, సుడి తిరిగినా ఆగవలసిందే. ముందుగా గుడ్డను నేలపై పరచి తాళ్లు చిక్కుపడకుండా చూస్తారు. హెల్మెట్, రెండు తొడల పట్టీలు, రొమ్ము పట్టీ, పైలట్‌తో కలిపే కొక్కేలు వరుసగా తాకి చూడాలి. గుడ్డ తలపైకి నిండుగా లేచాకే పరుగు. కాళ్లు నేల విడిచేదాకా పరుగు ఆపరాదు. ముందే కూర్చుంటే ప్రమాదం.

పైలట్‌ను లైసెన్సు అడగడం తప్పు కాదు. తొడపట్టీ బిగించారా అని అడగడం అసలే కాదు. పట్నంలో పిల్లలున్న తల్లిదండ్రులు ఫోను చేసినప్పుడు ఈ మాట చెవిన వేయడం మంచిది.