ఆనకట్టలు – పూడిక – నదీతీర జీవనం

నది అనగానే మనకు నీరు మాత్రమే స్ఫురిస్తుంది. కాని నది నీటితోపాటు మట్టిని కూడా మోసుకొని పోతుంది. వర్షాకాలంలో ఏటి నీటిని ఒక గాజుసీసాలో పట్టి కదలకుండా వుంచితే ఈ సంగతి తెలుస్తుంది. ఇసుక కొన్ని సెకండ్లలోనే అడుగున చేరుతుంది. 0.02 మిల్లీమీటరు వ్యాసం గల ఒండ్రు రేణువు 10 సెంటీమీటర్లు దిగడానికి సుమారు 5 నిమిషాలు పడుతుంది. 0.002 మిల్లీమీటరు వ్యాసం గల బంకమట్టి రేణువుకు అదే దూరం దిగడానికి దాదాపు 8 గంటలు కావాలి. రేణువు వ్యాసం పదో వంతయితే అది దిగే వేగం నూరో వంతవుతుంది. 1851లో స్టోక్స్ అనే శాస్త్రజ్ఞుడు వివరించిన సూత్రమిది.

సీసాలో జరిగినదే జలాశయంలోనూ జరుగుతుంది. నకిరేకల్ నుండి సూర్యాపేటకు పోయే రహదారిపై కేతేపల్లి దాటిన తరువాత మూసీనది వస్తుంది. అక్కడికి సమీపంలో, సోలిపేట వద్ద, 1963లో పూర్తయిన మూసీ ప్రాజెక్టు వున్నది. దీని నిలువ సామర్థ్యం 4.46 టి.ఎం.సి.లు. ఒక టి.ఎం.సి. అంటే శతకోటి ఘనపుటడుగులు. దీని కాలువలే ఈ మెట్ట ప్రాంతంలో వేలాది ఎకరాల వరిపొలాలకు ఆధారం.

పారే నీరు జలాశయంలో ప్రవేశించగానే వేగం తగ్గుతుంది. మోసే శక్తి కూడా తగ్గుతుంది. ముందుగా ఇసుక, గులకరాళ్లు జలాశయం మొదట్లోనే దిగిపోతాయి. సన్నని మట్టి ఆనకట్ట దగ్గర దాకా వచ్చి మెల్లగా పేరుకుంటుంది. దీనినే పూడిక అంటాము. 1967లో జాతికి అంకితమైన నాగార్జునసాగరం మొదటి సామర్థ్యం 408 టి.ఎం.సి.లు. తరువాతి కొలతల్లో అది 312గా తేలింది. అంటే దాదాపు నాలుగో వంతు చోటును ప్రధానంగా పూడికే ఆక్రమించింది. పోయిన ఆ చోటు 21 మూసీ ప్రాజెక్టులకు సమానం!

పూడిక వల్ల నీటి నిలువ తగ్గడం అందరికీ తెలిసిన నష్టమే. తీరంలోని జీవులకు కలిగే మార్పు అంత త్వరగా కంటికి కనబడదు. జలాశయం మొదట్లో లోతు తగ్గి బురదనేల ఏర్పడుతుంది. అక్కడ జమ్ము, తుంగ మొలుస్తాయి. కొంగలకు మేత దొరుకుతుంది. వేసవిలో నీరు వెనుకకు తగ్గితే శిఖం నేలలో పైర్లు కూడా వేస్తారు. కాని రాళ్ల సందుల్లోనూ, శుభ్రమైన ఇసుకలోనూ గుడ్లు పెట్టే చేపలకు ఈ బురద పనికిరాదు. గుడ్లపై మట్టి కప్పుకుంటే వాటికి ప్రాణవాయువు అందదు.

ఆనకట్టకు దిగువన కథ ఇందుకు విరుద్ధం. బరువు దించుకున్న నీటికి మోసే శక్తి ఇంకా మిగిలే వుంటుంది. ఆ నీరు అడుగునూ, గట్లనూ కోసి ఇసుకను తీసుకుపోతుంది. పైనుండి కొత్త ఇసుక రాదు. దీనికి ఇసుక తవ్వకం కూడా తోడయితే ఏరు రాళ్లు తేలుతుంది. ఇసుక తిన్నెలపై గుడ్లు పెట్టే తాబేళ్లకూ, కొన్ని నీటిపక్షులకూ చోటు పోతుంది. వరద తీసిన తరువాత మిగిలే తడి ఒండ్రులో మొలకెత్తే తీరపు చెట్లకు నారుమడి పోతుంది. మనుషులకూ నష్టమే. ఇసుక పొరలు నీటిని దాచుకొంటాయి గనుకనే ఎండాకాలంలో ఏటిలో చెలమ తీస్తే నీరు ఊరుతుంది. ఒడ్డున బావులు నిలుస్తాయి. ఇసుక పోతే ఆ నిలువ పోతుంది.

ఈ ప్రభావం సముద్రం దాకా పోతుంది. ఒండ్రు తగ్గిన కృష్ణా డెల్టా తీరంలో కొన్నిచోట్ల నేలను అలలు కోస్తున్నాయి. 1970లో అస్వాన్ ఎత్తు ఆనకట్ట పూర్తయిన తరువాత ఈజిప్టులో నైలు డెల్టాకూ ఇదే గతి పట్టింది. అక్కడి పొలాలకు ఏటేటా వచ్చే ఒండ్రు ఆగిపోయింది.

మూసీ విషయంలో మరొక చిక్కు వున్నది. అనంతగిరి కొండల్లో పుట్టిన ఈ నది హైదరాబాదు మీదుగా ప్రవహించి వాడపల్లి వద్ద కృష్ణలో కలుస్తుంది. నగరపు మురుగునీరు, పరిశ్రమల వ్యర్థాలు దీనిలో చేరుతున్నాయి. బంకమట్టి రేణువులు భాస్వరాన్నీ, భారలోహాలనూ అంటిపెట్టుకొంటాయి. దారిలోని కత్వల వెనుక కొంత, జలాశయంలో కొంత ఇవి పేరుకుంటాయి. భాస్వరం, నత్రజని ఎక్కువైతే గుర్రపుడెక్క విపరీతంగా పెరుగుతుంది. అది చచ్చి కుళ్లేటప్పుడు నీటిలోని ప్రాణవాయువు ఖర్చవుతుంది. చేపలకు ఊపిరి అందదు.

చెరువు మట్టి పొలానికి బలమని మన రైతులకు తరతరాలుగా తెలుసు. తెలంగాణలో 2015లో ఆరంభమైన మిషన్ కాకతీయలో కూడా చెరువుల పూడిక తీసి పొలాలకు తోలారు. ఊరి చెరువు మట్టికి తగినదంతా మూసీ పూడికకు తగదు. దానిని పొలంలో వేసే ముందు లోహాలకోసం పరీక్ష చేయించడం అవసరం. ఒకసారి నేలలో చేరిన భారలోహాన్ని తీసివేయడం బహు కష్టం.

మరి నివారణ ఏమిటి? పూడికను తీయడంకన్న రానీయకపోవడం మేలు. ఎగువ భూముల్లో గట్లు, గడ్డి, చెట్లు వుంటే వాన మట్టిని కోయలేదు. వరద మొదటి రోజుల్లో నీరు మిక్కిలి బురదగా వుంటుంది. అనువైన చోట అడుగు తూముల ద్వారా దానిని వదిలితే కొంత మట్టి దిగువకు చేరుతుంది. వేసవిలో కూడా ఏటిలో కొంత నీరు పారనివ్వాలి. నగరపు మురుగును శుద్ధిచేసి మాత్రమే నదిలో కలపాలి.

విద్యార్థులు జూన్ నుండి నవంబరు దాకా నెలకొకసారి తమ వాగునీటిని ఒకే కొలత సీసాలో పట్టి, ఒక దినం కదలకుండా వుంచి, అడుగున చేరిన మట్టి మందాన్ని పుస్తకంలో వ్రాసుకోవచ్చును. కత్వకు ఎగువన ఒక సీసా, దిగువన ఒక సీసా పడితే మరీ మంచిది. ఆ రెండు సీసాల తేడాలో ఆనకట్ట ఏమి ఆపుతున్నదో, దిగువ తీరం ఏమి పోగొట్టుకొంటున్నదో కంటికి కనబడుతుంది.